నాలుగు నలభై బస్సు

ఆ ఫార్మసీ కాలేజీలో గడియారాలు చాలానే ఉన్నాయి గానీ, కాలం మాత్రం అచ్చిబాబు నడిపే బస్సును బట్టి సాగేది. సాయంత్రం నాలుగూ నలభైకి బస్సు గేటు దాటుతుంది. అందుకని నాలుగున్నరకే అందరూ వరండాలోకి వచ్చేస్తారు. నాలుగూ ఇరవైకి ల్యాబుల్లో బల్లలు తుడిచేస్తారు. నాలుగు దాటాక కొత్త పనేదీ ఎవరూ మొదలుపెట్టరు. కడియం దాటి, మొక్కల నర్సరీలన్నీ వెనక్కి పోయాక, కాలవ గట్టు మీద ఇంకో పన్నెండు కిలోమీటర్లు వస్తేగానీ ఆ కాలేజీ కనపడదు. ఆ బస్సు తప్పిపోతే రాజమండ్రి చేరడం ఎంత అవస్థో ఒకసారి తప్పినవాళ్లకి తెలుసు. రెండోసారి ఎవరూ తప్పనివ్వరు.

ఫార్మకాలజీ ప్రొఫెసర్ నూకరత్నం ముప్ఫై ఏళ్లలో మొదటిసారి కూడా తప్పనివ్వలేదు.

ఆమెకి యాభై తొమ్మిదేళ్లు. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. పొద్దున్నే వచ్చి వేలిముద్రల మెషీన్ మీద బొటనవేలు పెడుతుంది. అది రెండుసార్లు ఒప్పుకోదు, మూడోసారి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత సర్క్యులర్లు, తనిఖీ కమిటీ అడిగిన ఫైళ్లు, అవే ఫైళ్లు ఇంకో రంగు అట్టలో, ఫోనులో ఏడు గ్రూపులు, ప్రతి గ్రూపులోనూ ప్రిన్సిపాల్ గారి శుభోదయం. అన్నిటికీ సరే అంటుంది. కోపం వచ్చి చాలాకాలమైంది. సంతోషం కూడా అంతే. పిల్లలకి ఆమె అంటే భయమూ లేదు, అయిష్టమూ లేదు. ఎవరో తెలియని పెద్దావిడకి దారి ఇచ్చినట్టు ఆమెకి దారి ఇచ్చేవారు.

ఆమె చదువంతా రిసెప్టర్ల మీద. కణం పైపొర మీద నిలబడి ఉండే ప్రొటీనుని రిసెప్టర్ అంటారు. బయటి నుంచి మందో, శరీరమే పంపిన కబురో వచ్చి తాకితే, దాన్ని అందుకుని లోపలికి చేరవెయ్యడం దాని ఉద్యోగం. అయితే ఒకే కబురు అదే పనిగా వచ్చి పడుతుంటే అది వినడం మానేస్తుంది. ఇంకా పడుతుంటే పైపొర వదిలేసి కణం లోపలికి వెళ్లి కూర్చుంటుంది. బయట ఎంత మందు పోసినా ఇక పలకదు. నూకరత్నం ఇందులోకి ఎందుకు వచ్చిందంటే, వాళ్లమ్మ లోవమ్మ వల్ల వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసేచోట భైరవపాలెంలో లోవమ్మ ఎండుచేపలు అమ్మేది. ఉబ్బసం మనిషి. కాకినాడ డాక్టరు రాసిన మందు పీలిస్తే మొదట్లో హాయిగా ఊపిరాడేది. తర్వాత రోజుకి నాలుగుసార్లు పీల్చింది, ఆ తర్వాత పదిసార్లు పీల్చింది, ఆఖర్న ఎన్నిసార్లు పీల్చినా ఏమీ లేదు. మందు మంచిదేనే, నాలోపల వినేవాళ్లే లేరు అనేది. కూతురు ఆ మాట పట్టుకుని విశాఖపట్నం వెళ్లి చదివి, డాక్టరేటు తెచ్చుకుని, ఈ కాలవ గట్టు కాలేజీలో చేరింది.

మూగబోయిన రిసెప్టర్‌ని శుభ్రంగా కడిగి వదిలేస్తే తిరిగి పైకి వస్తుందా, రాదా? అదీ ఆమె ప్రశ్న. చేరిన మూడో ఏట జవాబు తేల్చింది. ఆమె ఎంచుకున్న రకం రిసెప్టర్ ఒకసారి లోపలికి పోతే ఇక తిరిగి రాదు. అది ఒక మంచి పత్రికలో అచ్చయింది. దేశదేశాల్లో నలభై ఒక్కమంది తమ వ్యాసాల కింద ఆధారంగా ఆమె పేరు రాసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఏ పరిశోధనకి డబ్బు అడిగినా, ఇందులో కొత్తగా తేలాల్సిందేముంది, మీరే తేల్చేశారు కదా అని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చేది. మొదటి ఉత్తరానికి ఏడిచింది. నాలుగోదానికి నవ్వింది. ఆ తర్వాత కవరు విప్పకుండానే ఫైల్లో పెట్టడం అలవాటు చేసుకుంది.

కింద అంతస్తులో పాత ప్రాక్టికల్ హాలు ఉంది. ఒకప్పుడు అక్కడ కప్పల కండరాల మీద మందులు వేసి పిల్లలకి చూపించేవారు. నిగనిగలాడే కాగితాన్ని ఒక గుండ్రటి డ్రమ్ముకి చుట్టి, కిరోసిన్ మంట మీద మసి పట్టించి, మెల్లగా తిరగనిస్తారు. కండరానికి కట్టిన దారం ఒక సన్నటి పుల్లని కదిలిస్తుంది. కండరం ముడుచుకుంటే పుల్ల పైకి లేచి మసిలో తెల్లటి గీత గీస్తుంది. ప్రభుత్వం కప్పలు వద్దన్నాక అంతా కంప్యూటరు బొమ్మల్లోకి పోయింది, డ్రమ్ము రాతి బల్ల మీద ఉండిపోయింది. అటెండరు సత్తియ్య మాత్రం రోజూ దాన్ని తుడిచి, మసి పట్టించి, తిప్పేవాడు. ఒక రోజు పుల్ల సరిగ్గా ఆడుతోందా లేదా చూద్దామని దారం తన చిటికెన వేలికి చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. డ్రమ్ము అతని గీత రాసింది. ఇంటి దగ్గర మనవరాలు గుర్తొచ్చినప్పుడు ఒక గుట్ట, అల్లుడు గుర్తొచ్చినప్పుడు ఒక చిన్న గుంట.

మర్నాటి నుంచి అందరూ కూర్చోవడం మొదలుపెట్టారు. దారం వేలికి చుట్టుకుంటే, ఆ మనిషి దేనికి ఎంత చలిస్తాడో డ్రమ్ము రాస్తుంది. మొదటి సంవత్సరం పిల్లల కాగితాలు తూర్పు కనుమల్లా ఉండేవి. ఆఖరి సంవత్సరానికి అవే పిల్లలవి చేలగట్లంత అయ్యేవి. ఛైర్మన్ గోపాలకృష్ణమూర్తి గారు, రాజమండ్రి మెయిన్ రోడ్డులో మూడు తరాల బట్టల కొట్టు ఉన్నాయన, ఒకసారి కూర్చుని తన గీత చూసుకుని, ఇది మంచిదా చెడ్డదా అని అడిగారు. ఉందండి, అన్నాడు సత్తియ్య. తనిఖీకి వచ్చిన కమిటీవారు ఈ డ్రమ్ము పనిచేస్తోందా అని అడిగితే, పనిచేస్తోంది అని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టించారు. అంతకు మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి ఐదు నిమిషాలు. అరనిమిషం ఊరికే, నిమిషన్నర మందు, మూడుసార్లు కడగడం, కాస్త ఆగడం, మొత్తం ఐదు నిమిషాలు. కప్పల కాలంలో నూకరత్నమే దగ్గరుండి గోడ మీద పెద్ద అక్షరాలతో ఈ లెక్క రాయించింది. మనుషులు కూడా ఆ లెక్క ప్రకారమే ఒక చుట్టు కూర్చుని లేచిపోయేవారు. సత్తియ్య ఆ కాగితాన్ని లక్క ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, పేరు రాసి గోడకి తగిలించేవాడు.

నూకరత్నం కాగితం కూడా గోడ మీద ఉంది. తొమ్మిదేళ్ల కిందట భర్త త్రిమూర్తులు పోయిన పన్నెండో రోజు దాటగానే ఆమె కాలేజీకి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం సత్తియ్య, ఒక్కసారి కూర్చోండమ్మా అని స్టూలు వేశాడు. ఐదు నిమిషాలు డ్రమ్ము తిరిగింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. ఆమె దాన్ని చూసి, ఊహించిందే కదా అన్నట్టు తలాడించి క్లాసుకి వెళ్లిపోయింది. ఏటేటా ఒకసారి కూర్చుంటూనే ఉంది. ఏటేటా అదే గీత. దారం కట్టకుండా తిప్పిన కాగితం ఎందుకు తగిలించారని కొత్త పిల్లలు అడిగేవారు.

త్రిమూర్తులు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. మాటలు తక్కువ. రోజూ ఐదూ ఇరవై ఐదుకి దేవీచౌక్‌లో స్కూటర్ ఆపుకుని భార్య కోసం నిలబడేవాడు. బస్సు కనపడగానే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆయన్ని నిలబెట్టడం ఇష్టం లేకే నూకరత్నం ఎన్నడూ బస్సు తప్పనిచ్చేది కాదు. ల్యాబులో బస్సుకి ముందు బల్ల ఖాళీగా ఉండాలి అని నియమం పెట్టిందీ అందుకే. ఆయన పోయాక దేవీచౌక్‌లో నిలబడేవాళ్లు లేరు. నియమం మాత్రం ఉంది, బస్సూ ఉంది, ఆమె కిటికీ పక్క సీటూ ఉంది.

శ్రావణమాసంలో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి, పరిశోధన విద్యార్థిని అశ్విని ఒక ఫారం పట్టుకుని ఆమె గదిలోకి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్ల నాన్న సురేష్‌బాబుకి అంతర్వేదిలో ఇంజను బోటు ఉంది. కూతురు మందుల డాక్టరు అవుతోందని ఆరేళ్లుగా రేవులో ప్రతి వలకీ చెప్పుకున్నాడు. ఆ ఆరేళ్లూ అశ్విని గాజు పళ్లేల్లో కణాలు పెంచుతూ, వాటిని మందుతో మూగపరుస్తూ, కడుగుతూ, అవి తిరిగి పలుకుతాయేమో అని ఎదురుచూసింది. పలికించే మందు ఒకటి తన చేతిలో ఉందని అనుకుంది. ఆ మందు పోసినా, పొయ్యకపోయినా కణాలు పలకలేదు. మీ మేడం గారు ఎప్పుడో చెప్పిందే నువ్వు మళ్లీ చెప్తున్నావు, కొత్తదేమైనా ఉంటే శుక్రవారం లోపల తీసుకురా, లేకపోతే పేరు తీయించుకో అని విశ్వవిద్యాలయం కమిటీ తేల్చేసింది. రేపే శుక్రవారం. హైదరాబాదులో ఆస్పత్రి కాగితాలకి కోడ్లు వేసే ఉద్యోగం ఒకటి సోమవారం నుంచి సిద్ధంగా ఉంది.

ఫారంలో కారణం దగ్గర వ్యక్తిగతం అని రాసి ఉంది. నూకరత్నం చదివి, కలం తీసి, సంతకం పెట్టింది.

"నిజం చెప్పాలంటే నాకు మంచిదే అనిపిస్తోంది, అశ్వినీ. నువ్వైనా బయటపడుతున్నావు," అంది.

అశ్విని ఫారం అందుకోలేదు. "మీకు బాధగా లేదా మేడం?" అంది.

"లేదమ్మా."

అది అబద్ధం కాదు. అబద్ధమైతే బాగుండునని అశ్విని అనుకుంది. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, మేడ మీద పళ్లేలు పారబోసి వస్తానని వెళ్లిపోయింది. ఆ రోజు పొద్దున్న కూడా అలవాటు కొద్దీ ఆఖరిసారి కణాలకి మందు పోసి, పదకొండింటికి కడిగి ఉంచింది. ఎందుకు చేసిందంటే ఆ పిల్లకే తెలీదు.

ఆ గురువారమే ఛైర్మన్ గారి కోడలు కన్యక అన్నవరంలో వ్రతం చేయించుకుంది. చుట్టాల కోసం కాలేజీ బస్సుని మధ్యాహ్నమే పంపించేశారు. స్టాఫ్ ఎవరి ఏర్పాట్లు వాళ్లు చూసుకోవాలి, ఉండగలిగినవాళ్లని ఏడింటికి తిరిగొచ్చే బస్సు తీసుకెళ్తుంది అని గ్రూపులో పెట్టారు, చివర దణ్ణం బొమ్మతో సహా. క్లాసులు మూడింటికే ఎత్తేశారు. పిల్లలు ఆటోల్లో వేలాడుతూ, లెక్చరర్లు పక్క ఊళ్లో అరువు తెచ్చుకున్న బండ్ల మీద, నాలుగింటికల్లా కాలేజీ ఖాళీ అయిపోయింది.

నూకరత్నం కూడా బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. రోడ్డు దాకా నడవాలి, ఆటో ఆపాలి, కడియంలో మారాలి. ప్రాక్టికల్ హాలు తలుపు తెరిచి ఉంది. లోపల సత్తియ్య డ్రమ్ముకి మసి పట్టిస్తున్నాడు. కిరోసిన్ వాసనకి కాళ్లు ఆగిపోయాయి. ఇక నడవలేను అనిపించింది. ఆ రోజు గురించి కాదు, మొత్తంగానే. స్టూలు మీద కూర్చుండిపోయింది.

సత్తియ్య మంట ఆర్పి డ్రమ్ముని స్టాండుకి బిగించాడు. అతనికి అరవై మూడేళ్లు, పక్క ఊరే, నడిచి ఇంటికెళ్లే మనిషి. బస్సుతో పనిలేనివాళ్లు ఆ కాలేజీలో ఇద్దరే, అతనూ రాత్రి కాపలా వీరబాబూ. పుల్లకున్న దారం తెచ్చి ఆమె చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, డ్రమ్ము వదిలాడు.

"ఏముంది సత్తియ్య గారూ, అదే గీతే కదా," అంది నూకరత్నం.

"అదేనండి. డ్రమ్ము ఊరికే ఉన్నదే కదాని."

గోడకి తల ఆనించింది. బయట తుంపర మొదలైంది. కాలవలో నీళ్లు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. ఫోను బ్యాగులో ఉంది, బ్యాగు బల్ల కింద ఉంది. మోగినా వినపడదు. కాలేజీకి వచ్చిన రోజున నాలుగూ నలభైకి ఆమె బస్సెక్కకపోవడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదలు. ఐదు నిమిషాలకి డ్రమ్ము ఒక చుట్టు పూర్తి చేసింది. తిన్నటి గీత. ఆమె లేవలేదు. నిద్రపోయింది. సత్తియ్య డ్రమ్ముని బియ్యపు గింజంత కిందికి దించాడు. మొదటి గీతకి పైన రెండోది పడింది. దానికి పైన మూడోది. అలా అతను టీ తాగి వచ్చి ఒకటి, బీడీ కాల్చి వచ్చి ఒకటి, దించుతూనే ఉన్నాడు. కాగితం కాపీ పుస్తకంలా గీతలతో నిండుతోంది. ఒక్కటీ వంకర లేదు.

ఆరూ పావు దాటాక కాపలా వీరబాబు డ్యూటీకి వచ్చాడు. గేటు తియ్యమని రోజూ చేసినట్టే స్కూటర్ హారన్ రెండుసార్లు కొట్టాడు.

పుల్ల లేచింది. కింద గీసిన గీతలన్నిటినీ వదిలేసి కాగితం పైఅంచు దాకా పోయి, అక్కడ కాసేపు వణికి, మెల్లగా దిగింది. నూకరత్నం కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. దేవీచౌక్‌లో మనిషి నిలబడి ఉన్నాడు, నేను ఇక్కడ కూర్చున్నాను అనుకుంది. లేవబోయింది. దారం వేలికి తగిలింది. నిలబడే మనిషి లేడని అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ల కిందట తెలిసింది వేరు, అది ఒక కబురు. ఇది ఇప్పుడే తెలిసింది. ఆమె బల్ల మీద తల పెట్టుకుని త్రిమూర్తులు కోసం గట్టిగా, సిగ్గుపడకుండా ఏడిచింది. వరండాలో వీరబాబు చెప్పులు విప్పి, ఆ ఏడుపు అయ్యేదాకా అక్కడే ఆగాడు. సత్తియ్య పుల్ల కాగితం దాటి పోకుండా వేలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు.

ఏడుపు తగ్గాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కాగితం వైపు చూసింది. మనిషి ఎంత అలిసిపోయినా చేతికొచ్చిన విద్య అలిసిపోదేమో. వేలు పెట్టి గీతలు లెక్కపెట్టింది. ఇరవై ఆరు తిన్నవి. ఇరవై ఏడోది లేచింది. రెండు గంటల పది నిమిషాలు.

"ఇది ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా లేచిందా సత్తియ్య గారూ? ఎవరికైనా?"

"కూర్చుంటే లేస్తుందండి. వీరబాబుది ఒక గంటకి లేస్తాది. నాది తొందరగానే. లైబ్రరీలో చేసిన వినీల మేడం గారు ఓసారి వానకి చిక్కుపడిపోయి ఉండిపోయారు, ఆవిడదీ లేచింది."

"మరి నాకు చెప్పలేదేంటి?"

సత్తియ్య గోడ వైపు చూశాడు. "ఐదు నిమిషాలని మీరే రాయించారు కదమ్మా. పైగా బస్సుండేది."

నూకరత్నం గోడ మీద తను రాయించిన అక్షరాల్ని చదివింది. ఆ పైన గడియారం చూసింది. ఆరున్నర. ఆ గదిలో, ఆ కాలేజీలో, ఆరున్నరకి తను ఎప్పుడూ లేదు. తన ప్రయోగం ఏదీ ఆరున్నరని చూడలేదు. పొద్దున్న పదకొండింటికి కడిగి, నాలుగూ పావుకి ఆఖరి రీడింగు తీసి, నాలుగూ ఇరవైకి పారబోసి, ముప్ఫై ఏళ్లు. తన వ్యాసంలో ఏం రాసిందో అక్షరం అక్షరం గుర్తొచ్చింది. ఐదు గంటలు చూసి, ఎప్పటికీ రాదని రాసింది. ఐదు గంటలే ఎందుకు చూశావు అని ఆ పత్రికవాళ్లు అడగలేదు, ఆ నలభై ఒక్కమందిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది. మా బస్సు నాలుగూ నలభైకి అండి, మా ఆయన నిలబడి ఉంటాడండి.

దారం విప్పుకుని మెట్లెక్కింది. మోకాళ్ల నొప్పికి మధ్యలో రెండుసార్లు రెయిలింగ్ పట్టుకుంది.

మేడ మీద ల్యాబులో లైటు వెలుగుతోంది. అశ్విని వెళ్లలేదు. బస్సు ఎలాగూ ఏడింటికని, పారబోసే పనిని ఒక్కో పళ్లెం చొప్పున సాగదీస్తోంది. ఆరు పళ్లేల్లో నాలుగు బ్లీచింగ్ నీళ్ల బకెట్టులోకి పోయాయి. ఐదోది చేతిలో ఉంది.

"అది దించు," అంది నూకరత్నం గుమ్మంలోంచే.

అశ్విని తిరిగి చూసింది. మేడం కళ్లు అంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు. పళ్లేన్ని బల్ల మీద పెట్టింది.

"పదకొండింటికి కడిగావు కదూ. ఇప్పుడు ఎంతైంది?"

"ఆరూ ముప్పావు. ఏడు గంటల నలభై ఐదు నిమిషాలైందండి."

"పొద్దున్న మూగపరిచిన మందే మళ్లీ వేసి రీడింగు తియ్యి."

"మేడం, ఇవి పలకవండి. ఆరేళ్లు చూశాం."

"ఆరేళ్లు చూడలేదు. రోజుకి ఐదు గంటలు చూశాం. తియ్యమ్మా."

అశ్విని చేతులు ఆ పనికి ఎంత అలవాటు పడ్డాయంటే మనసు అక్కడ లేకపోయినా అవే చేసుకుపోయాయి. మిగిలిన రెండు పళ్లేల్లోనూ కొలిచి మందు వేసింది. సమయం చూసుకుంది. కణం లోపల కబురు ఎంత పుట్టిందో అంకెల్లో చెప్పే మెషీన్‌లో పళ్లేన్ని పెట్టింది. మామూలు కణాలకి వంద వచ్చే చోట, ఆరేళ్లుగా వాళ్లకి ఆరో ఏడో వస్తూ ఉండేది. ఇద్దరూ నిలబడ్డారు. మెషీన్ గుర్రుమని తిరిగి ఆగింది.

అరవై మూడు.

అశ్విని రెండో పళ్లెం పెట్టింది. అందులో తను నమ్ముకున్న పలికించే మందు లేదు, ఉత్తి కడిగిన కణాలు. యాభై ఎనిమిది. రాసుకోవడానికి కాగితం కోసం సంచిలో చెయ్యి పెట్టి, చేతికందింది తీసి, దాని వెనక టైమూ అంకెలూ రాసింది. రాశాక తిప్పి చూసుకుంటే అది మేడం సంతకం పెట్టిన ఫారం. ఇక దాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు.

కొంతసేపటికి అశ్వినికి మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక భయం వేసింది. పళ్లేలు రెండే, ఒక్క సాయంత్రమే, దీంతో సిద్ధాంత గ్రంథం పూర్తి కాదు. గడువు పొడిగించాలంటే కమిటీకి కారణం చూపించాలి. గైడు ముందు తేల్చింది సరికాదు, మళ్లీ చూడాలి అని గైడే రాసివ్వాలి. ఆ వ్యాసం తప్ప మేడం గారికి చెప్పుకోడానికి ఏముంది? రిటైర్మెంటు సన్మానానికి ఛైర్మన్ గారు వేయిస్తున్న పుస్తకం అట్ట మీద కూడా దాని పేరే ఉంది. అశ్విని ప్రూఫులు దిద్దింది.

"మేడం, మరి మీ పేపరు..." అని ఆగిపోయింది.

"తప్పు," అంది నూకరత్నం. "అబద్ధం కాదు. తొందరపడ్డాను. లెటర్‌హెడ్ ఒకటి ఇలా ఇవ్వు."

బల్ల మూల జరుపుకుని కూర్చుని రాసింది. తాను ప్రకటించిన ఫలితం ఐదు గంటల పరిశీలనకే పరిమితమనీ, అంతకు మించి చూడకపోవడం తన లోపమనీ, ఈ విద్యార్థిని తీసిన కొలతలు ఆ ఫలితాన్ని మార్చేలా ఉన్నాయనీ, ఆరు నెలల గడువు తప్పనిసరిగా ఇవ్వాలనీ. కింద తేదీ వేసింది. పేరు రాసేచోట కలం ఒక్క క్షణం ఆగింది. బాధ వేసింది. బాగా వేసింది. ఆ బాధని ఆమె పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టి, సంతకం పెట్టింది.

ఏడూ ఇరవైకి కింద బస్సు హారన్ వినిపించింది. అచ్చిబాబు గేటు దగ్గర బస్సు ఆపుకుని, విస్తరాకు పొట్లాల్లో అన్నవరం ప్రసాదం పట్టుకుని ఎదురొచ్చాడు. కన్యక గారు స్టాఫ్ అందరికీ ఇమ్మన్నారని, వ్రతం బాగా జరిగిందని, తిరుగుదారిలో జగ్గంపేట దగ్గర వాన దంచేసిందని చెప్పాడు. మేడం గారి సీటు తుడిపించి ఉంచానన్నాడు.

నూకరత్నం రెండు పొట్లాలు తీసుకుంది. "సత్తియ్య గారికి ఒకటి ఎక్కువ ఇవ్వు," అంది. తర్వాత అంది, "రేపట్నుంచి నాకోసం ఆగకు అచ్చిబాబూ. నీ టైముకి నువ్వు వెళ్లిపో."

"అదేంటండి. మరి ఎలా వస్తారు?"

"ఏదో ఆటో దొరుకుతుంది. పనుంది, ఆలస్యమవుతుంది."

అచ్చిబాబు కాస్త నొచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో ఆవిడ కాలేజీకి వచ్చిన రోజున ఆ సీటు ఖాళీగా ఎప్పుడూ వెళ్లలేదు. అయినా సరేనండి అని బస్సెక్కాడు. బస్సు వెనక లైట్లు కాలవ గట్టు వెంట ఎర్రగా పోయి, మలుపులో కనపడకుండా పోయాయి. ఇంకో ముప్పావు గంటకి అది దేవీచౌక్‌లో ఆగుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. నూకరత్నం ఆ మాట పైకే అనుకుంది.

కింద హాల్లో సత్తియ్య గోడ మీది ఐదు నిమిషాల లెక్కని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఎంతని రాయమంటారని అడిగాడు. ఇంకా తెలీదు, ఖాళీగా ఉంచమంది.

పైకి వెళ్లేసరికి అశ్విని గిన్నె కడిగి ప్రసాదం పెట్టుకోడానికి సిద్ధం చేసింది. హైదరాబాదు వాళ్లకి రానని ఫోన్ చేసేసింది. నాన్నకి మాత్రం ఇంకా చెయ్యలేదు, అంకెలు ఇంకోసారి వచ్చాక చెప్తానంది. నూకరత్నం చేతులు కడుక్కుని స్టూలు జరుపుకుంది. తర్వాతి రీడింగుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.